అప్‌డేట్: ఊరంతా ఆర్ అక్షరపు ఇంటిపేర్లే, ఎందుకంటే...

ఫిలిప్పీన్స్‌లో మా రూమ్మేట్ వాళ్ళ పల్లె అల్బాయ్ ప్రావిన్స్‌లోని ఓవాస్ కింద వస్తుంది. శ్మశానం ఫొటోలో ఏ రాయి చూసినా ఇంటిపేరు ఆర్‌తోనే మొదలు. అందరూ చుట్టాలేనా అని మొన్న అడిగాను కదా. కాదట!

1849 నవంబరు 21న స్పానిష్ గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా ఉత్తర్వు ఇచ్చాడు. అప్పటిదాకా చాలామందికి స్థిరమైన ఇంటిపేరే లేదు, ఒకే ఇంట్లో అన్నదమ్ములకి కూడా వేర్వేరు పేర్లు. పన్ను లెక్కలు తేలేవి కావు. అందుకని అక్షరక్రమంలో ఇంటిపేర్ల పుస్తకం అచ్చువేసి, పేజీలు ఊళ్ళకి పంచారు. ఇంటిపెద్ద తమ ఊరికొచ్చిన పేజీల్లోంచే ఒకటి ఎంచుకోవాలి. ఓవాస్‌కి ఆర్ పడింది.

రేషన్ సరుకుల్లా ఇంటిపేర్లు పంచడమేంటో! జవాబులిచ్చిన అందరికీ థాంక్స్. మావాడు మాత్రం ఇంకా వాళ్ళ తాతనే అడుగుతానంటున్నాడు.