కోయిల "సేరునే"నా "చేరునే"నా? కుటజం అంటే మన కొడిశ చెట్టేనా?

ఓరుగల్లు చదువరి:
పోతన గారి మందార మకరంద పద్యంల మూడో పాదం పొద్దుగాల నుంచి నోట్లె తిరుగుతున్నది. "లలిత రసాల పల్లవ ఖాదియై చొక్కు కోయిల..." ఆ తర్వాత చేరునే అనా, సేరునే అనా? చివరికి "కుటజములకు" అన్నడు గద, ఆ కుటజం ఏ చెట్టో కూడ చెప్పుర్రి, దొరికితే పొలం గట్టుకు పెడత.

పద్యాల పిచ్చి:
సేరునే. ప్రథమ మీది పరుషానికి గసడదవలు, అంటే ప్రథమా విభక్తి మాట తర్వాత క చ ట త ప లు వస్తే గ స డ ద వ లు అయితయి. "మధుపంబు వోవునే", "రాయంచ సనునే", వరుసగ అదే పద్ధతి. నాలుగో పాదంల "అరుగునే" అని అచ్చుతోటి మొదలైతది కాబట్టి అక్కడ ఆ సంగతి రాలేదు.

పాత పుస్తకాల హనుమకొండ:
సూత్రంల "బహుళముగా" అని ఉన్నది గద సార్, అంటే ఒకచోట అయితది, ఒకచోట కాదు. చేరునే అన్నా తప్పు కాదు. యతితోటి తేలుద్దామంటే అది కో–కు మీద పడ్డది, సే–చే తోటి దానికి పనే లేదు.

పద్యాల పిచ్చి:
తప్పు కాదు, నిజమే. కానీ ముందు రెండు పాదాలల్ల ఆ అక్షరం మార్చి మూడోదాంట్ల పోతన ఎందుకు వదిలేస్తడు? చెవి ఒప్పుకోదు నాకైతే.

ములుగు మాస్టారు:
చెట్టును అందరు మర్చిపోయిన్రు. అమరకోశం నిఘంటువుల "కుటజః శక్రో వత్సకో గిరిమల్లికా" అని ఉన్నది. టీకల్ల కొండమల్లె అని చదివి మల్లెతీగ అనుకుంటరు చాన మంది, అది గిరిమల్లికను మక్కీకి మక్కీ తెలుగు చేసుడే. చెట్టు మాత్రం కొడిశే. కాళిదాసు మేఘసందేశంల యక్షుడు ఆషాఢంల మేఘానికి అర్ఘ్యం ఇచ్చింది ఈ పూలతోనే. మామిడి చిగురు వసంతానిది, కుటజం వానలది, కోయిల కాలం తప్పి అటు పోదు అనే పోతన అన్నడు.

పాత పుస్తకాల హనుమకొండ:
కాలం కాదు సార్, రుచి. "ఖాదియై" అన్నడు గద, తినుడు. కొడిశ పట్ట, గింజ రెండూ కటిక చేదు, కుటజారిష్టం అనే ఆయుర్వేద మందు తాగినోళ్లకు తెలుస్తది. బమ్మెరల నాగలి పట్టిండని చెప్పుకునే కవికి ఏ చెట్టు చేదో తెల్వదా?

నర్సంపేట మొక్కలు:
గట్టుకు పెట్టెటోళ్లు ముందుగాల అంకుడు చెట్టుతోటి కలుపుకోకుర్రి. రెండిట్ల పాలు కారుతయి, ఆకులు ఎదురెదురు, కాయలు జంటగ సన్నగ వేలాడుతయి. అంకుడు కాయలు లేతప్పుడు కొసలకాడ అతుక్కొని ఉంటయి, కొడిశకు విడివిడిగ ఉంటయి. అంకుడు పువ్వు మధ్యల కుచ్చు లెక్క ఉంటది, కొడిశకు ఉండదు. గింజ పగలగొడితే ఇంకా ఖాయం, దూది కుచ్చు కొడిశకు పై కొసకు, అంకుడుకు కింది కొసకు. పచారి షాపుల కడువా ఇంద్రజౌ అంటే కొడిశ గింజలే, మీఠా అంటే అంకుడువి. కాయ పగిలి దూది ఎగిరిపోకముందే తెంపి ఎండబెట్టి వానల ముందు పోయాలె. కొట్టేసినా మొదలు నుంచి మళ్ల ఇగురుపెడతది, వేళ్ల నుంచి కూడ పిలకలొస్తయి, అందుకే గట్టుకు మంచిది.

ఓరుగల్లు చదువరి:
మంచిది అన్నా, ఈసారి కాయలప్పుడు పాకాల దిక్కు పోయి చూస్త. సేరునే అనే రాసుకుంట ఇగ.

పాత పుస్తకాల హనుమకొండ:
రాసుకోర్రి గని బహుళం అని పక్కన పెట్టుకోర్రి.

ములుగు మాస్టారు:
మరి మొదటి పాదంల "మధుపంబు వోవునే మదనములకు" అన్నడు గద, ఆ మదనములు ఏంది? ఉమ్మెత్త అంటరు అందరు. వైద్యంల మదనఫలం అంటే మంగకాయ. తుమ్మెద పోనిది ఏ పువ్వుకు?