ఆఫీసు చాట్ యాప్ స్లాక్ నుంచి, అలాంటిదే అయిన జూలిప్‌కి మారిన వాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. విజయవాడలో మాది 22 మంది పనిచేసే చిన్న ఆఫీసు. షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టి, సపోర్ట్ కూడా మేమే చూస్తాం. ఇన్నాళ్లూ స్లాక్ ఉచిత ప్లాన్‌లో ఉన్నాం. అందులో 90 రోజులు దాటిన మెసేజ్‌లు కనిపించవు, ఏడాది దాటినవి పూర్తిగా పోతాయి.

మొన్న ఒక మెడికల్ షాపులో బిల్లు మీద తెలుగు అక్షరాలు విరిగిపోయి వచ్చాయి. ఇదే సమస్యను ఆరు నెలల క్రితం మా ఆఫీసు కుర్రాడొకడు సరిచేసి, ఏ సెట్టింగ్ మార్చాడో స్లాక్ థ్రెడ్‌లో స్క్రీన్‌షాట్‌తో సహా పెట్టాడు. ఎంత వెతికినా దొరకలేదు. కౌంటర్ దగ్గర జనం, ఫోన్‌లో షాపాయన... చాలా బాధనిపించింది.

అందుకే మా సొంత సర్వర్‌లో జూలిప్ పెట్టుకుందామనుకుంటున్నాం. స్లాక్ డేటాను తీసుకునే టూల్ అందులోనే ఉంది. కానీ మా స్లాక్ ప్లాన్‌లో డేటాను ఎక్స్‌పోర్ట్ చేస్తే (బయటికి తీస్తే) పబ్లిక్ ఛానెళ్లు, అంటే ఆఫీసులో అందరికీ తెరిచి ఉన్న గ్రూపులే వస్తాయి. ప్రైవేట్ ఛానెళ్లు, వ్యక్తిగత మెసేజ్‌లు రావు. మా కస్టమర్ల వివరాలు సగం వాటిలోనే ఉన్నాయి. వాటిని మీరెలా దాచుకున్నారు? చేత్తో కాపీ చేయడం తప్ప దారి లేదా?

ఇంకొకటి. జూలిప్‌ ఛానెళ్లలో మాటలు టాపిక్‌ల వారీగా సాగుతాయి కదా, ఫీల్డ్‌లో తిరిగే మా పెద్దవాళ్లకు అది అలవాటవుతుందా అని నా టెన్షన్. రెండూ కొన్నాళ్లు పక్కపక్కనే నడపాలా, ఒక శనివారం సాయంత్రం పాతది ఆపేయాలా? చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.