లింకు వంగిందా, మెలి పడిందా?

గ్రూపులో అందరికీ నమస్కారం. మొన్న ఒక మాట తేడా వల్ల మాకు ఒకటిన్నర రోజు పని పోయింది. తప్పు నాదే. అయినా అది భాష సంగతి కాబట్టి ఇక్కడ పెడుతున్నాను.

మా బావగారికి భీమవరం దగ్గర ఒక పొక్లెయిన్ ఉంది. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మా మిషన్ ఆ కంపెనీది కాదు. కానీ మా వైపు చెయిన్ మీద నడిచేదల్లా పొక్లెయినే, టైర్ల మీద తిరిగేదల్లా జేసీబీయే. కాలువలు కట్టేసిన రోజులు. ధవళేశ్వరంలో మళ్లీ నీళ్లు వదిలేలోపు పంట కాలువలో పూడిక తీసెయ్యాలి. గట్టు వారన పాత తూము తాలూకు కాంక్రీటు దిమ్మ ఒకటి బురదలో కూరుకుపోయి ఉంది. ఆపరేటర్ కుర్రాడు బకెట్ మూల పన్ను ఒక్కదాన్నే దాని కిందకి దూర్చి, బకెట్ ముడుస్తూనే మిషన్‌ని పక్కకి తిప్పాడు. దిమ్మ కదల్లేదు. బకెట్‌కీ దాన్ని ముడిచే సిలిండర్‌కీ మధ్య ఉండే హెచ్ లింకు లొంగిపోయింది.

మెకానిక్‌కి ఫోన్ చేసి "లింకు వంగిందండి" అన్నాను. "వంగితే సాపు చేద్దాం, జాకీలు పట్టుకొస్తాను" అన్నారు. తణుకు నుంచి సామానంతా వేసుకుని వచ్చి, లింకు చూడగానే నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయారు. "ఇది వంగడం కాదండి, మెలి పడింది. ఆ మాట ముందే చెప్పుంటే కొత్తది ఆర్డర్ పెట్టేవాణ్ని కదా."

నా దృష్టిలో రెండూ ఒకటే, వంకర పోయింది, అంతే. మెలి అనే మాట తాడుకీ మీసానికీ తప్ప ఇనుముకి వాడగా నేనెప్పుడూ వినలేదు. మీ వైపు ఏమంటారు?

— అమలాపురం నుంచి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:
మీ మెకానిక్ గారిది చక్కటి తెలుగు బాబూ. వంగడానికి ఒక వైపు ఉంటుంది. వరి కంకి వంగుతుంది, కొబ్బరి చెట్టు కాలువ మీదకి వంగుతుంది, మనిషి వంగి దణ్ణం పెడతాడు. ఎటు వంగిందో వేలు పెట్టి చూపించవచ్చు. మెలికి అలా వైపు ఉండదు, తనలో తనే తిరుగుతుంది. చెయ్యి వంచాడు అంటే సరే, మెలిపెట్టాడు అంటే అప్పుడు కదా కేక వేస్తాం! ఇంకో మాట కూడా పక్కన పెట్టుకోండి: పురి. కొబ్బరి పీచు తాడు పేనేటప్పుడు కావాలని ఎక్కించేది పురి. అక్కర్లేకుండా పడేది మెలి. అందుకే కాగితాల్లో ఎవరైనా చిక్కు షరతు రాస్తే మెలిక పెట్టాడంటాం గానీ పురి పెట్టాడనం.

— పాలకొల్లు నుంచి:
అసలు లింకు అని ఎందుకండీ, మనకి లంకె ఉంది కదా? లంకె బిందెలు అంటాం. రెంటిని కలిపి పట్టి ఉంచేదే లంకె. ఈ పార్టు చేసే పని కూడా అదే.

— అమలాపురం మాస్టారు:
లంకె మంచి మాటే. కానీ లింకుని పరాయిది అని గెంటెయ్యకండి. సర్వే గొలుసులో 66 అడుగులకి 100 లింకులు. 1000 చదరపు లింకులైతే ఒక సెంటు. మా నాన్నగారు ఇంగ్లీషు ముక్క రాకపోయినా చేను గట్టు తగాదాల్లో లింకులు లెక్కపెట్టేవారు. పైగా కోనసీమలో ఫోన్‌లో "లంకె వంగింది" అంటే "ఏ లంక? వరదొచ్చిందా?" అంటారు.

— రావులపాలెం నుంచి, వర్క్‌షాపు:
ఏవండీ, మేం రోజూ వాడే మాటలివి. ఈసారి ఫోన్ చేసే ముందు ఇలా చూసుకోండి. లింకు విప్పి, పైన, కింద కన్నాల్లో పిన్నులు దూర్చి, ఎదురుగా నిలబడి ఒక కన్ను మూసి చూడండి. రెండు పిన్నులూ సమంగా కనబడి, వాటి మధ్య దూరం మాత్రం తగ్గితే అది వంపు. ఎడమ పక్క దూరం ఒకటి, కుడి పక్క ఇంకొకటి వస్తే పక్కకి ఒరిగింది. ఇక లింకు ఒక చివర నుంచి పొడవునా చూసినప్పుడు పిన్నులు కత్తెరలా ఒకదాన్నొకటి దాటుతుంటే మెలి. కొద్దిపాటి వంపైతే ప్రెస్సు మీద చల్లగానే సాపు చేస్తాం. గ్యాసు మంట పెట్టి కాల్చనివ్వకండి, ఉక్కులో బలం పోతుంది. సాపు చేశాక కూడా ఎర్ర రంగు కొట్టి, తుడిచి, పైన తెల్ల మందు చల్లి చూడాలి. సన్న చీలిక ఉంటే ఎర్రటి గీతలా బయటపడుతుంది. మెలి పడిన దాన్ని మటుకు మేం ముట్టుకోం. దానికి సుత్తితో పిన్ను ఎక్కించి నడిపితే ఎంత గ్రీజు పెట్టినా బుష్షు, అంటే కన్నంలో పిన్ను చుట్టూ ఉండే గొట్టం, ఒక పక్కనే అరుగుతుంది. తర్వాత బూమ్ చివర ఆర్మ్‌లో కన్నం కోడిగుడ్డులా సాగుతుంది. అప్పుడు ఆ కన్నాన్ని మళ్లీ గుండ్రంగా తొలిచే బోరింగ్ ఖర్చు లింకు ధరని దాటిపోతుంది.

— నేను:
రావులపాలెం అన్నగారూ, కత్తెరే! మా వాళ్లు కూడా అలాగే పిన్నులు దూర్చి చూపించారు, అప్పుడు గానీ నా కంటికి ఆనలేదు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత గుర్తొచ్చి అంటే, "మానై వంగలేదండి, మానై మెలి తిరిగింది" అన్నారు మెకానిక్ గారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

కొత్త హెచ్ లింకు విజయవాడ నుంచి మర్నాడు సాయంత్రం బస్సులో వచ్చింది. పిన్నులు, బుష్షులు కూడా మార్చేశాం. పక్కనుండే రెండు చిన్న లింకుల్లో ఒకటి నిజంగానే వంగింది, దాన్ని మాత్రం ప్రెస్సు మీద సాపు చేశారు. కొత్తదాంట్లో పిన్ను చేత్తో తోస్తే జారి లోపలికి వెళ్లింది. ఆ చప్పుడు వినాలండి!

పాతది పాత ఇనుము కొట్టుకి వేశాం. కాటా మీద పెడుతూ కొట్టాయన "ఏంటండీ ఇది, నులిపెట్టుకుపోయింది?" అన్నాడు. మాస్టారూ, మెలికీ నులికీ తేడా ఏమిటో కూడా చెబుదురూ.