పర్లాకిమిడి రైలు ముచ్చట్లన్నీ ఒకేచోట చూసేదెలా?

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. నౌపడ-గుణుపురం లైన్లో రైళ్ల గురించి ఆన్‌లైన్‌లో జనం ఏమనుకుంటున్నారో తెలుగు, ఒడియా, ఇంగ్లిష్‌లలో గమనించాలి. ఒక ఉచిత అలర్ట్ సర్వీసులో ఊరిపేరు స్పెల్లింగులన్నీ ఇచ్చి, భాష 'ఏదైనా', ఫలితాలు 'అన్నీ' అని పెట్టాను. వార్తలొస్తున్నాయి గానీ కామెంట్లు రావడం లేదు. 'కిమిడి' అని కుదిస్తే ఆ ఇంటిపేరున్న నాయకుల వార్తలే. నౌపడ సంగతి మరీ ఘోరం: ఠాణేలోని నౌపాడా, పశ్చిమ ఒడిశాలోని నువాపడా జిల్లా కూడా వచ్చిపడుతున్నాయి. మైనస్ గుర్తుతో ఠాణేని తీసేస్తే కాస్త నయం. ఎక్స్‌లో భాష ఫిల్టర్ పెడితే తెలుగు వరకు ఫర్వాలేదు, కానీ రోజూ మనమే వెతుక్కోవాలి. ఎక్స్ పోస్టుల్ని ఒకేచోట వరుసల్లో చూపించే ట్వీట్‌డెక్ చూస్తే 2023 నుంచి డబ్బు కట్టినవాళ్లకే.

ఎక్స్ పోస్టులు, యూట్యూబ్ కామెంట్లు రెండూ ఒడియా లిపితో సహా వెతికి, రోజుకోసారి మెయిల్ పంపే ఉచిత టూల్ మీరెవరైనా వాడుతున్నారా?