ఎఫ్‌ఎమ్ 24: ఒక్క వేసవిలో ఎంతమందిని మార్చొచ్చు?

జట్టును మేనేజర్‌గా నడిపే కంప్యూటర్ గేమ్ ఫుట్‌బాల్ మేనేజర్ 2024లో ఇంగ్లండ్ క్లబ్ ఎవర్టన్‌తో ఆడుతున్నాను. మొదటి సీజన్ 10వ స్థానంలో ముగిసింది. రెండో సీజన్‌కి అదే జట్టును ఉంచితే గొడవ లేదు, ఎదుగుదలా లేదు. యాష్లీ యంగ్, కోల్‌మన్, గేయ్ వయసు మీద పడ్డవాళ్లు. రెండో సగంలో కాళ్లు ఆడవు.

అందుకే పాత సేవ్‌కి (దాచుకున్న ఆటకి) వెళ్లి జూలైలో మొదటి పదకొండు మందిలో ఏడుగురిని మార్చాను. అక్కడ మొదలైంది టెన్షన్. గేమ్‌లోని డైనమిక్స్ పేజీలో టీమ్ కొహీషన్, అంటే ఆటగాళ్ల మధ్య సమన్వయం, అడుగంటింది. కొత్త సెంటర్‌బ్యాక్‌లిద్దరూ ఒకే బంతి మీదకి వెళ్తారు, వెనక ప్రత్యర్థి స్ట్రైకర్ ఖాళీగా నిలబడి ఉంటాడు. అక్టోబర్ చివరికి 17వ స్థానం.

టీమ్ బాండింగ్, మ్యాచ్ ప్రాక్టీస్ సెషన్లు పెంచాను. 4-2-3-1 తప్ప వేరే ఫార్మేషన్ ముట్టుకోలేదు. చిన్న జట్లతో ఫ్రెండ్లీలు ఆడించాను. మెంటరింగ్ గ్రూపులు కూడా పెట్టాను. తేడా అంతంతమాత్రమే.

ఇది ఆటలో బగ్ అనుకోను. 2024లో కోచ్‌గా ఆర్నె స్లాట్ వచ్చినప్పుడు లివర్‌పూల్‌లో ఆ సీజన్‌కి చేరిన పెద్ద పేరు కియేసా ఒక్కడే, టైటిల్ కొట్టారు. 2025లో విర్ట్స్, ఎకిటికే, ఇసాక్ అంతా ఒకేసారి దిగారు. సెప్టెంబర్, అక్టోబర్‌లలో లీగ్‌లో వరుసగా నాలుగు ఓటములు. నిజం జట్టుకే అలా అయితే నాదెంత!

కొహీషన్ కూలకుండా ఒకే ట్రాన్స్‌ఫర్ విండోలో (ఆటగాళ్లను కొని అమ్మే గడువులో) మొదటి పదకొండు మందిలో గరిష్ఠంగా ఎంతమందిని మార్చగలిగారు మీరు?