సీపీయూ నుంచి జీపీయూకి వెళ్ళే డేటాను సాఫ్ట్‌వేర్‌తో కుదించి పంపడం గిట్టుబాటా, దండగా?

కృష్ణాతీరం:
శనివారం వైట్‌ఫీల్డ్‌లో మనవాళ్ళం కలిసినప్పుడు తేలకుండా ఉండిపోయిన మాట ఇది. మా సర్వర్‌లో సీపీయూనీ జీపీయూ కార్డునీ కలిపే లింక్ పీసీఐఈ నాలుగో తరం, 16 లేన్లు (డేటా దారులు). కాగితం మీద ఒక్కో వైపుకి 31.5 జీబీ/సె, చేతికొచ్చేది 25 దాకా. కార్డేమో డేటా కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉంటోంది. హోస్ట్‌లో, అంటే సీపీయూ వైపు, కుదించి పంపి, కార్డులో విప్పుకుంటే కలిసొస్తుందా? లెక్కలతో చెప్పండి.

రాయలసీమ_రూట్:
కలిసిరాదు. ఎల్‌జెడ్4 అనే కుదింపు పద్ధతి ఒక కోర్ మీద కుదించే వేగం 700 ఎంబీ/సె అటూ ఇటూ. 32 కోర్లూ దానికే పెట్టినా 22 జీబీ. ఊరికే పంపితేనే 25 వస్తోంది. కోర్లన్నీ మండబెట్టి నెమ్మదించడం ఎందుకండీ?

మడివాళ_77:
ఇంతకీ డేటా ఏంటి? బొమ్మలా, టేబుళ్ళా?

హెబ్బాళ్_ఎక్స్16:
ఎల్‌జెడ్4తో కొలిచి కుదింపంతా దండగ అనేస్తే ఎలా? అది ఫైళ్ళ కోసం పుట్టింది, ఇదే డేటా ముందెక్కడైనా వచ్చిందా అని వెనక్కి వెతుక్కుంటూ పోతుంది. ఇక్కడ కావలసింది వెతుకులాట లేని పద్ధతి. 64 బైట్లు, అంటే 4 బైట్ల పదాలు 16 తీసుకోండి. ఏవి సున్నా కాదో 2 బైట్ల మాస్క్‌లో (పదానికొక బిట్) రాసి, సున్నా కానివాటిని దగ్గరికి జరిపి పెట్టండి. ఏవీఎక్స్-512లో (సీపీయూ ఒకేసారి 64 బైట్ల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) ఆ జరిపే పని వీపీకంప్రెస్‌డీ అనే ఒక్క ఇన్‌స్ట్రక్షన్ చేస్తుంది. సగం సున్నాలైతే 64 కాస్తా 34 అవుతుంది, 1.88 రెట్లు. 25 జీబీ లింక్ 47 జీబీ పని చేసినట్టు. మెమరీ నుంచి ఒక కోర్ సుమారు 10 జీబీ/సె చదవగలదు, కాబట్టి ఐదు కోర్లు చాలు.

ఒక జాగ్రత్త. ఏఎండీ జెన్ 4 సీపీయూల మీద ఆ ఇన్‌స్ట్రక్షన్‌తో నేరుగా మెమరీలోకి రాయిస్తే ఘోరంగా నెమ్మదిస్తుంది, అక్కడది మైక్రోకోడ్, అంటే లోపల చాలా చిన్న చిన్న అడుగులుగా నడుస్తుంది. రిజిస్టర్‌లోకి కుదించి, మొత్తం 64 బైట్లూ స్టోర్ చేసి, తర్వాత రాయాల్సిన చోటు చూపే పాయింటర్‌ను మాస్క్‌లోని ఒకట్ల లెక్క ప్రకారం జరపండి. బఫర్ చివర 64 బైట్లు అదనంగా ఉంచడం మరవకండి.

రాయలసీమ_రూట్:
ఒక్క బిట్టూ పోదంటారా? సున్నాయో కాదో ఫ్లోట్ పోలికతో చూస్తే మైనస్ సున్నా కూడా సున్నాలో కలిసిపోతుంది. విప్పాక గుర్తు మాయం. ఎక్కడైనా 1ని దానితో భాగిస్తే మైనస్ అనంతం రావలసిన చోట ప్లస్ అనంతం వస్తుంది.

హెబ్బాళ్_ఎక్స్16:
అందుకే ఇంటీజర్‌గా పోల్చాలి. దానికున్న టెస్ట్ ఈపీఐ32 ఫంక్షన్ వాడితే బిట్లన్నీ సున్నా అయినదే సున్నా.

రాయలసీమ_రూట్:
మీ మొదటి పోస్టులో ఆ మాట లేదు. చదివినవాళ్ళు ఫ్లోట్ పోలికే రాస్తారు.

హెబ్బాళ్_ఎక్స్16:
లేదు, ఇప్పుడు చెప్పాను. అసలు విషయానికి రండి.

న్యూమా_2:
కుదింపు కన్నా ముందు ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో లింక్ స్టేటస్ చూశారా? 16 లేన్ల స్లాట్‌లో కార్డు 8 లేన్లతో నడుస్తున్నవి చాలా ఉన్నాయి. లోడ్ ఉన్నప్పుడే చూడండి, ఖాళీగా ఉంటే కార్డు తనంతట తానే మొదటి తరం వేగానికి దిగుతుంది. రెండు సీపీయూల సర్వర్‌లో కార్డు రెండో సాకెట్ (రెండో సీపీయూ) కింద ఉండి థ్రెడ్లు మొదటి సాకెట్‌లో ఉంటే ఈ లెక్కలేవీ నిలబడవు.

రాయలసీమ_రూట్:
అసలు విషయమే చెప్తున్నా. 47 జీబీ చదవాలి, కుదించిన 25 రాయాలి, మళ్ళీ ఆ 25ని డీఎంఏ (కోర్ల ప్రమేయం లేకుండా మెమరీ నుంచి కార్డుకి కాపీ చేసేది) చదవాలి. దగ్గర దగ్గర 97. డీడీఆర్4-3200 మెమరీ ఎనిమిది ఛానళ్ళు కలిపితే 204.8. మెమరీలో సగం మీరే మింగేస్తారు. పక్క ప్రాసెస్‌లు ఏం తినాలి?

హెబ్బాళ్_ఎక్స్16:
క్యాష్‌ను దాటేసి నేరుగా మెమరీలో రాసే నాన్-టెంపోరల్ స్టోర్లు వాడితే అంతే అవుతుంది. మామూలు స్టోర్లు వాడండి. ముడి డేటాను 2 ఎంబీ ముక్కలుగా తీసుకుని, నాలుగు పిన్ చేసిన (మెమరీలో చోటు మారకుండా కట్టేసిన) బఫర్లు గుండ్రంగా తిప్పితే కుదించినది సీపీయూలోని ఎల్3 క్యాష్‌లోనే ఉంటుంది, డీఎంఏ అక్కడి నుంచే ఎత్తుకుంటుంది. 2 ఎంబీ కుదిస్తే ఒక ఎంబీ పైచిలుకు, లింక్ మీద 40 మైక్రోసెకన్ల పైన. ముక్క ఇంకా చిన్నదైతే ఒక్కో కాపీ మొదలయ్యే ఖర్చే సమయాన్ని తినేస్తుంది.

వార్ప్32:
కార్డు వైపు మాట. మాస్క్‌లను డేటాతో కలగాపులగంగా పెట్టకండి, అన్నీ ముందు, విలువలు వెనక. 2 ఎంబీకి మాస్క్‌లు 64 కేబీ. వాటి మీద ఒక ప్రిఫిక్స్ సమ్ (అప్పటిదాకా వచ్చినవాటి మొత్తం) నడిపితే ప్రతి బ్లాక్ ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది, ఆపైన వార్ప్ (కలిసి నడిచే 32 థ్రెడ్లు) లోపల పాప్‌కౌంట్, అంటే ఒకట్ల లెక్క, చాలు. కార్డు నుంచి హోస్ట్‌కి వచ్చే తిరుగు దారిలో మాత్రం చిక్కుంది: ఎంత సైజుకి తగ్గిందో కార్డుకే తెలుసు, ఆ అంకె కోసం హోస్ట్ ఆగాలి. దాన్ని పిన్ చేసిన హోస్ట్ మెమరీలో రాయించి, ఆలోపు వెనకటి ముక్క కాపీ నడిపించండి.

రాయలసీమ_రూట్:
అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ప్రతి డిజైన్ రివ్యూలో ఇదే వరస, కోర్లు ఊరికే పడి ఉన్నట్టు మాట్లాడతారు. లింక్ గ్రాఫ్ నిండుగా చూపించి చప్పట్లు కొట్టించుకుంటారు. సాయంత్రానికి డేటాలోడర్ (కార్డుకి బ్యాచ్‌లు తయారు చేసి అందించేది) చతికిలబడితే టికెట్ మా నెత్తిన పడుతుంది. జేపెగ్‌లు విప్పడానికే కోర్లు సరిపోవడం లేదు, ఆ ఐదు కోర్లు ఎవరి దగ్గర లాక్కుంటారు?

హెబ్బాళ్_ఎక్స్16:
జేపెగ్‌లా! ఈ మాట పొద్దున్నే చెప్పాల్సింది. బొమ్మల్ని నార్మలైజ్ చేశాక సున్నాలు ఎక్కడుంటాయండీ? నా పద్ధతిలో 64 బైట్లు 66 అవుతాయి. మీ డేటాకి మీరన్నదే నిజం. అయితే ఫ్లోట్‌గా మార్చే పని సీపీయూలో చేయకండి. 8 బిట్ల పిక్సెళ్ళే పంపి కార్డులో మార్చుకోండి. లింక్ మీద బరువు నాలుగో వంతుకి దిగుతుంది, కోర్లకి పని కూడా తగ్గుతుంది.

మడివాళ_77:
మూడో పోస్టులోనే అడిగాను.

కృష్ణాతీరం:
తప్పు నాదే, చెప్పలేదు. మాది క్లిక్ ఫీచర్ల టేబుల్, ప్రతి బ్యాచ్ హోస్ట్‌లోనే తయారవుతుంది. 70 శాతం సున్నాలు. కార్డు పక్కన 16 కోర్లున్నాయి, అందులో ఆరు ఇవ్వగలం.

హెబ్బాళ్_ఎక్స్16:
అయితే 64 సగటున 21కి దిగుతుంది, మూడు రెట్లు. ఇండెక్స్, విలువ జంటగా పంపితే 38 దగ్గర ఆగేది. లింక్ నిండాలంటే 75 జీబీ కుదించాలి, ఆరు కోర్లతో 60 వస్తుంది. అంటే 2.4 రెట్లు. సున్నాలు తక్కువైన ముక్క వస్తే ముడిగానే పంపేలా హెడర్‌లో ఒక ఫ్లాగ్ పెట్టండి.

రాయలసీమ_రూట్:
టేబుళ్ళకైతే ఒప్పుకుంటాను. కానీ ఆ ఆరు కోర్లు తీసేశాక మిగతా పదీ బ్యాచ్‌ను అదే వేగంతో తయారు చేయగలవా? ముందు ఆరింటినీ సీపీయూసెట్‌తో (ఏ పనికి ఏ కోర్లో కేటాయించే లినక్స్ సదుపాయం) విడదీసి, కుదింపు లేకుండానే ఒక ఎపాక్ (డేటా మొత్తం మీద ఒక చుట్టు) నడపండి. బ్యాచ్ సమయం ఎంత పెరిగిందో ఇక్కడ పెట్టండి, లింక్ వేగం కాదు.

కృష్ణాతీరం:
రేపు రాత్రి సర్వర్ ఖాళీ అవుతుంది, నడిపి పెడతాను.