అవ్వకు ఇంటి ఓటు పెట్టించాలా, బూత్‌కే తీసుకెళ్లాలా?

మేముండేది తిరుపతిలో. అవ్వ ఓటు మాత్రం చిత్తూరు దగ్గర మా పల్లెలోనే ఉంది. 2024 మే 13న ఆ ఎండలో ఆటో మాట్లాడుకుని పోయి వేయించినాం. ఇప్పుడామెకు 85 దాటింది. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లోపల ఫారం 12డి ఇస్తే సిబ్బంది ఇంటికే వచ్చి బ్యాలెట్ పేపర్ మీద ఓటు వేయించుకుంటారు కదా. అది ఒప్పుకున్నాక బూత్‌లో వేయనివ్వరు. అందుకే వచ్చే ఎన్నికలకు ముందే తేల్చుకోవాలని అడుగుతున్నా.

అవ్వ ససేమిరా అంటోంది. "వీడియో తీసేవాణ్ణి ఎంటబెట్టుకుని వస్తారంట, నేను ఎవరికేసేది వాడికి కనబడదా?" అని ఆమె అనుమానం. పైగా మిషన్ కుయ్‌మనాల, వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో చీటీ చూపించే పెట్టె) అద్దంలో ఆ ఏడు సెకన్లూ గుర్తు కళ్లారా చూసుకోవాల. లేకుంటే ఓటేసినట్టే కాదంట!

ఇంట్లో ఇంకొకడున్నాడు, మా తమ్ముడు. బెంగళూరులో ఉద్యోగం. నోటాకు (ఎవరూ వద్దనే మీటకు) అందరికన్నా ఎక్కువ ఓట్లొచ్చినా దాని తర్వాత ఉన్న అభ్యర్థే గెలుస్తాడు, ఇక దానికోసం రాత్రంతా బస్సులో నిలబడి రావడం దండగ అంటాడు. మాట నిజమే గానీ, నోటా తప్ప ఇంకేం లేదన్నట్టు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకు ఇంటి ఓటు వేయించినవాళ్లు ఎవరైనా ఉన్నారా? బ్యాలెట్ మీద గుర్తు పెట్టేటప్పుడు అట్ట అడ్డం పెట్టినారా, ఇంట్లోవాళ్లను బయటికి పంపించినారా? కవరు ఎవరు అంటించినారు? అవ్వకు వివరంగా చెప్పాల, కొంచెం రాయండి.